బాన్సువాడ బొమ్మలో గెట్టు దాటిన నా చింతచెట్టు

నా పేరు బాలవ్వ. ఊరు పెద్ద కొడప్‌గల్ దగ్గర. వయసు ఆధార్ కార్డులో డెబ్బై రెండు, నా లెక్కలో ఇంకో మూడేళ్లు ఎక్కువ. ఇంట్లో కొడుకు, కోడలు, మనవరాలు స్వప్న, రెండు బర్రెలు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే స్వప్న తన ప్రయాణాల బ్లాగు కోసం రాస్తోంది. బాన్సువాడలో ఒక పెయింటర్ మా చేన్ల బొమ్మను నూనె రంగులతో వేసి ఫోనులో పెట్టాడు. అందులో నా చింతచెట్టు రెండు చేన్ల నడిమి హద్దు గెట్టు దాటి మా మరిది సాయిలు చేనులో నిలబడింది. ఆ చెట్టు ఎవరిదో ఎల్లుండి సోమవారం పెద్దమనుషులు తేల్చబోతున్నారు. సాయిలేమో ఫోను ఊరంతా తిప్పుతూ "పటంల గూడ చెట్టు నా దిక్కే ఉన్నది" అంటున్నాడు. ఇక ఇంట్లో కూర్చుంటానా?

ఈ రోజు పొద్దున ఏడు గంటల బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. పిట్లం మీదుగా బాన్సువాడకు గంట పైనే పట్టింది. బస్టాండు నుంచి ఆటోకు ఇద్దరికీ నలభై. డ్రైవర్ గఫార్ "ఏడికి అవ్వా, దవాఖానకా?" అన్నాడు.

"నాకేం రోగం? ఒకనికి తెప్పియ్యనీకె పోతున్న" అన్నాను. తమాషా చూద్దామని అతనూ మా వెంట పెయింటర్ కొట్టు లోపలికి వచ్చాడు.

పెయింటర్ నర్సింలు దుకాణాల బోర్డులు రాసి బతికే మనిషి. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదట. గోడకు ఆనించిన బొమ్మలో నా జొన్నచేను వంకాయ రంగులో ఉంది, ఆకాశం కారప్పొడి చల్లినట్టుంది. రంగంతా తాపీతో మెత్తినట్టు వేలెడు మందం.

"నా చెట్టునెందుకు జరిపినవురా?"

"గా దిక్కు ఖాళీగ కొట్టింది అవ్వా. బొమ్మకు గాడ బరువు కావాలె."

"బరువు కావాల్నంటె బండరాయి పెట్టుకో! నా చెట్టే దొరికిందా? జరుపు."

"చెట్టుకు ఆరు దినాలు పట్టింది అవ్వా. ఇంక ఆరలే గూడ."

ఆరలేదా అని వేలు పెట్టి చూశాను. నిజమే, వెన్నలా ఉంది. చెట్టు కదలకపోతే గెట్టు కదలదా? బొటనవేలితో అతని గెట్టును చెరిపేసి, చెట్టుకు అవతల ఒక్క గీత లాగాను. గఫార్ "యా అల్లా" అన్నాడు. నర్సింలు అరుస్తాడనుకున్నాను. అతను పది అడుగులు వెనక్కి వేసి, చూసి, "ఎన్నిసార్లు గీసినా నాకు గింత మంచి వంకర రాలే అవ్వా. ఇగ గిట్లనే ఉండనీ" అన్నాడు.

నేనూ అతని పక్కకు వెళ్లి నిలబడ్డాను. దగ్గర బురదలా కనిపించిన రంగులు అక్కడి నుంచి చేనైపోయాయి. మిట్టమధ్యాహ్నం కలుపు తీసి తలెత్తితే కళ్లు తిరిగి చేను వంకాయ రంగులోనే కనిపిస్తుంది. అది ఇన్నేళ్లలో నేను ఎవరితోనూ అనలేదు. బోర్డులు రాసేవాడికి ఎలా తెలిసిందో! చెట్టు విషయంలో దొంగే గానీ, ఎండను మాత్రం ఉన్నది ఉన్నట్టు వేశాడు.

చూడబోయేవారు పాత చీర కట్టుకుని వెళ్లండి. నూనె రంగు సబ్బుకు పోదు.

ఇక పెద్దమనుషులకు నా మాట. బొమ్మే సాక్ష్యమంటే ఇప్పటి బొమ్మ చూడండి. బొమ్మ సాక్ష్యం కాదంటే చేనుకు వచ్చి చెట్టును చూడండి.

బాలవ్వ వేలిముద్ర. సిరా అవసరం పడలేదు, గెట్టు రంగు ఇంకా వేలికే ఉంది.

సాక్షులు: ఆటో గఫార్, పెయింటర్ నర్సింలు. మూడో సాక్షిగా సాయిలు పేరుకు చోటు వదిలాం.