మిట్ట ఎక్కితే ఆగిపోయే చప్పుడు

మిషనక్కవి పాము చెవులని వీధిలో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లపాటు ముందు గదిలో భర్త సైకిళ్లు బాగుచేస్తుంటే, చెక్క గోడకు ఇవతల ఆమె కుట్టుమిషను తొక్కుతూ కూర్చుంది. అందుకే ఆ పేరు. సైకిళ్లను కంటితో చూసింది తక్కువ, చెవితో విన్నది ఎక్కువ. ఏ గొలుసు ఎండిపోయిందో, ఏ చక్రంలో బేరింగు గుండు పగిలిందో గోడ ఇవతలి నుంచే చెప్పేసేది. భర్త మొదట్లో నవ్వేవాడు. తర్వాత్తర్వాత గోడ తట్టి తనే అడగడం మొదలుపెట్టాడు.

మణికట్టు విరిగి అతుక్కున్నాక అతని కుడిచేతికి పానా బిగించే బలం పోయింది. దాంతో ఆమె మిషను మీద గుడ్డ కప్పేసి ముందు గదిలోకి వచ్చింది. అతను ముక్కాలిపీట మీద కూర్చుని చెబుతుంటే ఆమె చేసేది. పంక్చర్ల వరకు జనం సరేనన్నారు. పెద్ద పనులకు మాత్రం మార్కెట్ దాకా పోయేవారు. అది చాలదన్నట్టు ఒకరోజు బావగారు వచ్చారు. ఆ గది ఆయనది.

"మొబైలు షాపు పెట్టుకుంటానని ఒకతను అడుగుతున్నాడు. ఒకటో తారీఖుకల్లా ఖాళీ చెయ్యండి," అన్నారు తమ్ముడితో. మరదలి వైపు చూడనైనా చూడలేదు. "నా సైకిలు చప్పుడే పోగొట్టలేనివాళ్లకి షాపెందుకురా?"

ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ మాటలో అబద్ధం లేదు మరి.

పెడలు ఒక చుట్టు తిరిగితే ఒక కిర్రు, అదీ ఆ సైకిలు వరస. చెయ్యి విరగక ముందే భర్త గొలుసు మార్చాడు. మార్కెట్లో ఒకడు ఫ్రీవీలు మార్చాడు, ఇంకొకడు పెడళ్లు మార్చాడు. అందరూ దాన్ని స్టాండు మీద నిలబెట్టి చేత్తో పెడలు తిప్పినవాళ్లే. స్టాండు మీద అది నోరు మెదిపితే ఒట్టు!

మర్నాడు బావగారు వస్తుంటే ఆమె పాత అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని విన్నది. వీధి మొదట్లో కిర్రు, కిర్రు. షాపు ముందున్న మిట్ట దగ్గరికి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. గొలుసులో జబ్బుంటే మిట్ట ఎక్కేటప్పుడే కదా ఎక్కువ గోల పెట్టాలి? గబుక్కున కళ్లు తెరిచింది. బావగారు సీటు మీంచి లేచి, నిలబడి తొక్కుతున్నారు.

"బావగారూ, దిగకండి!" అంది. అంత గట్టిగా ఆమె ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. "వెనక్కి వెళ్లి, ఆ చదునులో ఒకసారి కూర్చుని తొక్కండి. ఇంకోసారి నిలబడి తొక్కండి."

"ఈ వయసులో నాచేత సర్కసు చేయిస్తావా అమ్మాయ్?"

"వెళ్లన్నయ్యా," అన్నాడు తమ్ముడు నవ్వు ఆపుకుంటూ.

కూర్చుంటే కిర్రు. లేస్తే కిమ్మనదు. ఎదుటి బడ్డీ దగ్గర టీ తాగేవాళ్లు గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు.

"చప్పుడు గొలుసులో లేదు బావగారూ, మీ కింద ఉంది."

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట!" అన్నాడు పక్క కొట్టు మంగలి. బావగారికి కూడా నవ్వొచ్చింది.

ఆమె సీటు రాడ్డు పైకి లాగింది. తుప్పు పట్టి ఎండిపోయి ఉంది. పెడలు తొక్కినప్పుడల్లా ఆయన బరువు ఒక పక్కకు ఒరుగుతోంది, రాడ్డు మూలుగుతోంది. తుప్పు గీకి, గ్రీజు రాసి, బోల్టు బిగించింది. భర్తను ఒక్క మాట అడగలేదు.

బావగారు వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. చప్పుడు లేదు. నమ్మకం కుదరక మళ్లీ వెళ్లి, బెల్లు కొట్టుకుంటూ వచ్చారు. ఆమెకు పట్టరానంత గర్వంగా ఉంది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆయన దిగి, సీటు తడిమి, ఈసారి ఆమెనే చూశారు. "ఆ మొబైలతనికి ఇంకో గది చూపిస్తాలే." మళ్లీ సైకిలెక్కుతూ అన్నారు, "మా పక్కింటాయన సైకిలు కూడా ఏదో టకటకమంటోంది. రేపు నడిపించుకు రమ్మంటాను."

"నడిపించుకు రావద్దండీ," అంది మిషనక్క పానా తుడుస్తూ. "తొక్కుకుంటూ రమ్మనండి. నేను వింటాను."