కప్పు కింద చెప్పిన మాట

గోదావరిఖనిలో బొగ్గు నింపే ఆమోసును తోటివాళ్లు ‘పాస్టరు’ అని పిలిచేవారు, వెక్కిరింపుగానే. బాయిలోకి, అంటే గనిలోకి, దిగే ముందు అతను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. లోపల సద్ది విప్పిన చోట, ఎవరు విన్నా వినకున్నా, యేసుప్రభువు సంగతి రెండు ముక్కలు చెప్పేవాడు. ఏళ్ల తరబడి చెప్పినా ఆదివారం ప్రార్థనకు అతని ఇంటికి ఒక్కరూ రాలేదు.

“మనం ఇత్తనాలు ఇత్తుడే. మొలిపిచ్చెటోడు ఆయన,” అనేవాడు భార్య సుగుణమణితో.

డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో బాయి తీరు మారింది. పై కప్పు ఊరికే చిటపటమనేది. కింద ఆసరాగా పోటు పెట్టిన దుంగలు బరువుకు మూలిగేవి. ఒకే నెలలో రెండుసార్లు బండ రాలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ, అందరి చూపూ ఆమోసు మీద పడింది.

జట్టులో పెద్దవాడు రాయమల్లు. ఒకరోజు బాయి మీది మైసమ్మ తల్లి గద్దె దగ్గర ఆమోసును ఆపాడు.

“లోపట నీ దేవుణ్ని పిలుసుడు బంద్ చెయ్యి. తల్లికి కోపమొస్తాంది. మాకు పెండ్లాం పిల్లలున్నరు.”

“మనసులనే మొక్కుకుంటనే అన్నా. గానీ ఎవలన్న అడిగితే చెప్పకుంట ఉండలేను.”

“నిన్నెవడడుగుతడు?”

ఆనాటి నుంచి ఎవరూ అతనితో కలిసి సద్ది తినలేదు. అతను దగ్గరికి వస్తే మాటలు ఆగిపోయేవి. దీపం వెలుతురులో వీపులే కనిపించేవి.

“నస్పూర్ దిక్కు బాయికి మార్పిచ్చుకో. వీళ్ల నడుమ నాకు బుగులైతాంది,” అంది సుగుణమణి.

ఆమోసుకూ భయమే. ప్రార్థనకు కళ్లు మూసినా చెవులు కప్పు మీదే ఉండేవి.

వానలు మొదలయ్యాక ఒక పొద్దుటి షిఫ్టులో కప్పు ఉన్నట్టుండి చప్పుడు మానేసింది. అది అందరినీ ఇంకా హడలగొట్టింది.

“ఉరుకుండ్రి!” అని రాయమల్లు అరిచాడు. అందరినీ ముందుకు తోసి తాను వెనకబడ్డాడు. బండ అతని నడుము మీద పడింది.

మిగతావాళ్లు సాయం కోసం పరుగెత్తారు. ఆమోసు ఉండిపోయాడు. ఎంత నెట్టినా బండ కదల్లేదు. చివరికి రాయమల్లు చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పైనుంచి బొగ్గుపొడి రాలుతూనే ఉంది.

“పోరా, నీ మీద గూడ పడుతది.”

“పోనన్నా.”

కాసేపటికి రాయమల్లే అన్నాడు: “ఏమన్న మాట్లాడు. సప్పుడు లేకుంటే భయమైతాంది. నీ దేవుని ముచ్చటే చెప్పు.”

ఇన్నేళ్లుగా నోటికి అలవాటైన మాటలేవీ ఆమోసుకు రాలేదు. “ఆయన గూడ నొప్పి పడ్డడన్నా. నిన్ను ఒక్కన్ని ఇడిచిపెట్టడు,” అన్నాడు.

రాయమల్లు వేళ్లు అతని చేతిని గట్టిగా పట్టుకున్నాయి. మనుషులు వచ్చేసరికి వదులయ్యాయి.

‘ప్రార్థన చేసి మనిషిని మింగిండు’ అని వాడంతా గుప్పుమంది. దినాలు కాగానే రాయమల్లు భార్య ఐలవ్వ వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

“ఆఖరికి నీ దేవునికి మొక్కిండా?”

అవునంటే చాలు, ఇన్నేళ్ల కష్టం ఫలించినట్టే. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఆమోసు దాన్ని మింగేశాడు.

“ఏమో వదినె. చెప్పుమన్నడు, చెప్పిన. ఇన్నడు. మనసుల ఏమున్నదో నాకు తెల్వది.”

“ఏం చెప్పినవ్?”

చెప్పాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ వారం అతని ఇంటి మీద రాళ్లు పడ్డాయి. ఆమోసు మాత్రం మళ్లీ అదే బాయిలో దిగాడు, అదే మూలుగుల కింద.

వానలు వెలిశాక ఒక ఆదివారం ఐలవ్వ తనంతట తానే వచ్చి ఆమోసు ఇంటి అరుగు మీద కూర్చుంది.

“ఆ ముచ్చట ఇంక ఉన్నదా చెప్పేది?” అని అడిగింది.