తాగొద్దని చెప్పని మనిషి

అమ్మ చనిపోయిన నెలలోనే నేను మళ్లీ డ్యూటీలో చేరాను. రఘునాథపల్లిలో ఇంటికి తాళం వేసి, జనగామకు వచ్చి రైలెక్కి, మహబూబాబాద్‌లో దిగేదాన్ని. అప్పటికీ ఏడుపు రాలేదు. ఆకలి కూడా తెలిసేది కాదు. వేళయితే అన్నం తినేదాన్ని, అంతే.

తాగుడు మానలేకపోతున్న వాళ్లతో మాట్లాడటం నా ఉద్యోగం. బుద్ధి చెప్పకూడదని మాకు శిక్షణలో నేర్పారు. మానాలన్న కోరిక ఆ మనిషిలోనే ఎక్కడో ఉంటుంది, అది వాళ్ల నోటితోనే బయటికొచ్చేలా అడగాలి, విన్నది తిరిగి వాళ్లకే వినిపించాలి. వినడానికి తేలికే. ఎదుటి మనిషి చేతులు వణుకుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం కష్టం. ఆ నెలలో నాకు కష్టం అనిపించలేదు. చెప్పాలన్న ఆత్రమే లేదు.

గూడూరు అవతల అడవి అంచు తండాలో, యాభైకి దగ్గరపడిన ఒక లంబాడీ ఆమె దగ్గరికి నన్ను పంపారు. ఆమె భర్త హైదరాబాద్‌లో కూలికి పోయి, కడుతున్న మిద్దె మీంచి పడి చనిపోయాడు. అప్పటినుంచి ఆమె గుడుంబా తాగుతోంది. లివర్ వాచిందని దవాఖానలో చెప్పారు. నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది.

"నువ్వు గూడ తాగొద్దనే చెప్తవ్ గద. చెప్పి పో," అంది తలెత్తకుండానే.

"చెప్పనీకి రాలే అక్కా."

పక్కన కూర్చుని నేనూ తొడిమలు తీశాను. చాలాసేపటికి అడిగాను. "తాగితే ఎట్లుంటది?"

"నిద్ర పడ్తది. ఆయన యాదికి రాడు."

"నిద్ర కోసమే తాగుతున్నవన్నట్టు."

"ఊఁ. కాని నా మనుమరాలు నా పక్కల పండుకుంటలేదు. వాసనొస్తదంటది." ఆ మాట నేను అడగకుండానే వచ్చింది.

"మానాలన్న మనసు పదికి ఎంత ఉన్నది నీకు?"

"రెండు."

"సున్న ఎందుకు కాదు?"

ఆమె చేతులు ఆగాయి. "సున్న ఐతే ఆ పొల్లను యాది జేసుకుంటనా?" అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "నీ మొకం గట్లున్నదేంది?"

"మా అమ్మ పోయింది."

"ఏడ్చినవా?"

"లే."

"ఏడుపు రాలేదన్నట్టు," అంది ఆమె. ఏడవమనలేదు, ధైర్యం చెప్పలేదు. మళ్లీ మిరపకాయలు అందుకుంది. నేను కూడా.

లేచే ముందు, "ఒక మాట చెప్పొచ్చా?" అని అడిగాను. చెప్పమంది. "తాగుడు ఒక్కసారే బంద్ జేస్తే ఫిట్స్ రావొచ్చు. దవాఖానల ఉండి బంద్ జేస్తే మంచిది. ఎప్పుడన్నది నీ ఇష్టం."

పంట పని అయిపోయాక కోడలిని తోడు తీసుకుని ఆమే వచ్చింది. మహబూబాబాద్ దవాఖానలో వణికింది, అక్కడ లేనివాళ్లను పేరు పెట్టి పిలిచింది. కోలుకుని ఇంటికి పోయింది. హోలీకి తండా అంతా ఆడుతుంటే మళ్లీ తాగింది.

నేను వెళ్తే గడపలో కూర్చుని ఉంది. "తాగిన. తిట్టు."

"తిట్టను. తాగకుండ ఉన్నన్ని దినాలు ఎట్లుండె?"

"పొల్లకు జడ ఏస్తుంటి. చెయ్యి వణకకపోతుండె. జర మళ్ల తోల్కపో," అంది.

రెండోసారి దవాఖాన నుంచి వచ్చాక మళ్లీ తాగలేదు. నాకు తెలిసినంతవరకు ఇప్పటికీ తాగడం లేదు. లివర్ పూర్తిగా బాగుపడలేదు, మందులు వాడుతోంది. మనుమరాలు పక్కనే పడుకుంటుందని కోడలు ఫోన్‌లో చెప్పింది. మంచిదన్నాను. ఫోన్ పెట్టేసి గిన్నెలు తోముకున్నాను.

ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి చెప్పమని భూపాలపల్లికి పిలిచారు. ఆమె ఎవరో తెలియనివ్వకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ముందు వరసలోని ఒక అమ్మాయి లేచి, "ఆమె మానేసిందని విన్నప్పుడు మీకేమనిపించింది మేడమ్?" అని అడిగింది.

"ఏమీ అనిపించలేదు," అన్నాను.

అందరూ నవ్వారు. గొప్ప చెప్పుకోవడం ఇష్టంలేక అలా అన్నాననుకున్నారు. వాళ్ల నవ్వు ఆగేదాకా నిలబడి, ఇంకెవరైనా ఏమైనా అడుగుతారా అన్నాను.