కల్లం మలుపులో ఆగే కారు

కారుకి కూడా మెదడుంటుందని ఆ రోజుల్లో ఒంగోలులో పదిమందికి చెబితే తొమ్మిదిమంది నా మెదడు సంగతి అడిగేవారు. హైదరాబాదులో మూడు నెలలు కంప్యూటరుతో కార్లు బాగుచెయ్యడం నేర్చుకుని వచ్చి ఒక షెడ్డులో చేరాను. చేతికి గ్రీజు అంటని మెకానిక్కుని నేనొక్కణ్ణే (అందుకే మా మేస్త్రి నన్ను 'డాక్టరు' అనేవాడు, గౌరవంతో మాత్రం కాదు).

ఒక వేసవిలో ఇంజను కంప్యూటరు కాలిపోయిన కారొకటి వచ్చింది. మిరప రైతు ఒకాయన ముచ్చటపడి కొనుక్కున్న కారు. ఆయన పోయి ఏడాదైంది. కొత్త కంప్యూటరు పెట్టె బిగించి, అది కూర్చున్నది ఏ రకం కారులోనో దానికి తెలిసేలా కోడింగ్ రాసి పంపాను. వారం తిరక్కుండా ఆయన కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "మా కల్లం మలుపు కాడ ఆగిపోతందండీ. రోజూ అక్కడే! నాన్న బతికున్నప్పుడు అక్కడే ఆపి కాయలు చూసుకునేవోడు." టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారట, గుమ్మడికాయ కొట్టారట, అయినా ఆగుతోందట. మేస్త్రి నావైపు తిరిగి, "ఏరా డాక్టరూ, సాయంత్రానికి దెయ్యాన్ని దింపకపోతే రేపట్నించి నువ్వు రావాకు" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. కొడుకు నడుపుతున్నాడు, అతనితో వచ్చిన వాళ్ళమ్మగారు వెనక కూర్చున్నారు, నా ఒళ్ళో ల్యాప్‌టాప్. మలుపు దగ్గర కల్లం నిండా ఎర్రగా మిరపకాయలు, కనుచూపు మేరలో మనిషి లేడు. కాకి అరుపు కూడా లేదు. బండి నెమ్మదించి అతను క్లచ్ తొక్కగానే ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా వెనకనుంచి మెల్లగా, "ఏవయ్యా, వచ్చావా? ఈసారి తాలు కాయ తక్కువే" అన్న మాట వినిపించింది. ఆవిడ మాట్లాడుతున్నది నాతో కాదు.

ఒక చేత్తో మెళ్ళో ఆంజనేయస్వామి తాయెత్తు పట్టుకుని, రెండో చేత్తో కోడింగ్ తెరిచాను (సైన్సు చదివినవాణ్ణి మరి). చూద్దును కదా, గేర్ల దగ్గర నేనే తప్పు రాశాను. క్లచ్చే లేని ఆటోమేటిక్ బండి అని దానికి చెప్పాను. నెమ్మదించి క్లచ్ తొక్కితే పాపం తికమకపడి ఆగిపోతోంది. ఆ దారిలో అంత నెమ్మదిగా వెళ్ళాల్సిన చోటు ఆ మలుపొక్కటే. దెయ్యం ఎవరో కాదు, నేనే!

సరిచేసి, స్టీరింగు నేను తీసుకుని కొంత దూరం పోయి వెనక్కి తిప్పాను. మలుపులో క్లచ్ తొక్కినా ఇంజను ఆగలేదు. ఉద్యోగం నిలబడిందని గర్వంగా, "చూశారామ్మా?" అన్నాను.

"ఆగలేదే" అందావిడ. "అయితే ఇంక రాడా, బాబూ?" అనడిగింది.

నాకు సిగ్గేసింది. మళ్ళీ బండి తిప్పి వాళ్ళ ఊరివైపు పోనిచ్చాను. మలుపులో కారు ఆగింది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. కిందికి చూస్తే నా కాలు బ్రేకు మీదుంది. నేను పెట్టిన గుర్తు లేదు. ఆవిడ అద్దం దించి కల్లం వైపు చూస్తూ కూర్చుంది.

"రోజూ ఇక్కడ ఒక నిమిషం ఆపండి, ఇంజనుకి మంచిది" అని కొడుకుతో అబద్ధమాడాను. అతను తలూపాడు.

ఇప్పుడు ఆ షెడ్డు నాదే. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మలుపులో నా కాలు నాతో చెప్పకుండానే బ్రేకు మీదికి పోతుంది. తాయెత్తు పట్టుకున్న ఆ డాక్టరుగారిని తలుచుకుని నవ్వుకుంటాను. కాలు మాత్రం వెంటనే తియ్యను.