అఫీయేమి అప్పజెప్పిన రోజు

డెబ్భైల మొదట్లో కిషన్‌బాగ్‌లోని ఒక చిన్న వేదాంత పాఠశాలలో నన్ను గ్రీకు ఉపాధ్యాయుడిగా వేశారు. పాస్టర్లు కాబోయేవారు సువార్తలను మూలభాషలో చదవాలని అక్కడి నియమం. అందరికీ కొరకరాని కొయ్య ‘అఫీయేమి’ అనే క్రియ. వదలడం, పోనివ్వడం, క్షమించడం అన్నీ దాని అర్థాలే. వర్తమానంలో అఫీయేమి, భవిష్యత్తులో అఫేసో, గడిచినదానికి అఫేకా; ఇలా ఆరు మూలరూపాలను వరుస తప్పకుండా అప్పజెప్పాలి.

దేవదానం అనే విద్యార్థి ఫలక్‌నుమా దగ్గర ఒక బర్రెల కొట్టంలో పాలు పిండి, ఆ తర్వాత తరగతికి వచ్చేవాడు. నా ఇల్లూ అటే కాబట్టి పాలు అక్కడే తెచ్చుకునేవాణ్ణి. బర్రె డొక్కకు తల ఆనించి, ధారకొక రూపం చొప్పున అతను వల్లె వేస్తుంటే వినేవాణ్ణి. ఒక్కటీ తప్పేవాడు కాదు.

అలాంటివాడు మౌఖిక పరీక్షలో ఒకసారి తప్పాడు. ఎందుకో నాకు అంతుబట్టలేదు. మళ్లీ తప్పితే పేరు కొట్టేస్తారు, పాస్టర్ పని మీద ఆశ వదులుకోవలసిందే. రెండోసారి పరీక్షకు నేనూ వెళ్లి ఒక పక్కన కూర్చున్నాను.

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు, మా పాఠశాల మర్యాద ప్రకారం, దేవదానం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “అఫీయేమి” అన్నాడు. అంతే, ఆగిపోయాడు. ఆయన గడియారం చూసుకున్నారు. మాట అందించే హక్కు నాకు లేదు. అప్పుడు చూశాను, కట్టుకున్న చేతుల కింద అతని పిడికిళ్లు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటున్నాయి.

లేచి, అతన్ని చేతులు దించి చెప్పనివ్వమని అడిగాను. పరీక్షాధికారికి నచ్చలేదు గానీ, కానివ్వమన్నారు. దేవదానం కాస్త వంగి, రెండు పిడికిళ్లతో గాలిని పిండుతూ ఆరు రూపాలూ చెప్పేశాడు.

ఇదేం వేషమని ఆయన అడిగారు.

“బర్రె పిండుకుంట నేర్సిన సార్. చెయ్యి ఆగితే నోరు ఆగుతది.”

అర్థం చెప్పమన్నారు.

“దూడ పలుపు ఇప్పి తల్లి దగ్గరికి ఇడుస్తం గద సార్, గదే మాట. మాఫ్ జేసుడు గూడ గదే. పట్టుకున్నదాన్ని పోనిచ్చుడు.”

ఆయన నవ్వలేదు. ఉత్తీర్ణుడని రాసుకుని తర్వాతి పేరు పిలిచారు.

ఆ తర్వాత నా తరగతిలో చేతులు కట్టుకోమని ఎవరికీ చెప్పలేదు. పాఠం అప్పజెప్పలేక ఎవరైనా ఆగిపోతే, నేర్చుకునేటప్పుడు చేతులతో ఏం చేస్తున్నావని ముందు అడిగేవాణ్ణి.