పంటు మీది జాకెట్లు

నా చదువు ఏడో తరగతిలో ఆగింది, ఈత మోకాలి లోతులోనే ఆగింది. గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు మీద పక్కనున్న ఒకావిడతో ఆ మాటే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. లైఫ్ జాకెట్లు తప్పనిసరని రూలొచ్చాక తెచ్చినవన్నీ, ఎవరూ పట్టుకుపోకుండా తాడుతో బిగించి కట్టేసి ఉన్నాయి. ఆవిడ లేచి ఆ ముడి విప్పడం మొదలుపెట్టారు. అవతలి ఒడ్డున నరసాపురం రేవు తగిలేసరికి వీడింది.

"మునిగేవాడు ఇంతసేపు ఆగుతాడంటారా?" అని, ఒక జాకెట్టు నా చేతిలో పెట్టి దిగిపోయారు.

అప్పట్నుంచి పంటెక్కగానే ముడి విప్పి ఒకటి తొడుక్కుంటున్నాను. మొన్న పంటు నడిపే సరంగు పట్టుకున్నాడు. "రోజూ ఇలా విప్పేస్తే ఎలాగండీ? తనిఖీకొచ్చే ఆఫీసరుగారికి ఏం చూపించాలండీ?"

"నన్ను చూపించవయ్యా!" అన్నాను.

"ఆయ్, ఆయన జాకెట్లు లెక్కెట్టుకుని వెళ్లిపోతారండీ. తొడుక్కున్నోళ్లని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ."