రేడియో గుడ్డ, దాచిన ఫ్యాను

నేను కొనుక్కున్న ల్యాప్‌టాప్‌లో ఒక సెట్టింగు ఉండేది. కంపెనీవాళ్లు నాకు చెప్పకుండా దాన్ని దాచేశారు. అడిగితే, అసలు లేనే లేదన్నారు.

ఆన్ చేస్తూ ఒక మీట నొక్కి పట్టుకుంటే, విండోస్ రాకముందే నీలం తెర ఒకటి వస్తుంది. గడియారం, బ్యాటరీ, యంత్రం ఒంట్లోని సంగతులన్నీ అక్కడే సరిచేసుకోవాలి. అందులో ఫ్యాను ఆగకుండా తిరిగేలా చేసుకునే వరస ఒకటి కనిపిస్తే, కొన్న కొత్తలోనే ఆన్ చేసి పెట్టుకున్నాను. ఆ ఫ్యానుతో నాకు పెద్ద పనే ఉంది.

మా ఆవిడ చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగదిలోనే పిల్లలకు సంగీతం చెప్పేది. ఇంటికెళ్లి సాధన చేసుకుంటారని పాఠాలు క్యాసెట్లలోకి ఎక్కించేది. ఆవిడ పోయాక నాకు మిగిలిన గొంతు అదే. పాటల మధ్యలో చీవాట్లు కూడా ఉన్నాయి. “శ్రుతి ఎక్కడ వదిలేసి వచ్చావే? హైదర్‌గూడ బస్సులోనా?” అంటుంది ఒకచోట. ఆ గొంతును కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రం చేద్దామని కూర్చున్నాను. టేపులు ముసలివైపోయాయి. తిప్పిన ప్రతిసారీ పైపూత గోధుమరంగు పొడిగా రాలుతుంది. అంటే ఒక్కసారి తిప్పినప్పుడే పని అయిపోవాలి.

అలా సాగుతుండగా ల్యాప్‌టాప్ తనంతట తానే అప్‌డేట్ అయింది. మర్నాడు కీర్తన సగంలో ఉండగా వేడెక్కి ఆరిపోయింది, అప్పటిదాకా ఎక్కింది కూడా దాంతోపాటే పోయింది. టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆరిపోయింది. నీలం తెరలోకి వెళ్లి చూస్తే ఫ్యాను వరస లేదు. దాని చోటు కూడా లేదు, పైదీ కిందదీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

నారాయణగూడలో సర్వీసు సెంటరుకు వెళ్లాను. కౌంటరులో ఉన్న అమ్మాయి తెర మీంచి కళ్లు తిప్పకుండా చెప్పింది.

“మీ మోడల్‌కు ఆ ఆప్షన్ లేదు సార్.”

“మొన్నటిదాకా వాడుకున్నానమ్మా.”

“వేరే ల్యాప్‌టాప్‌లో చూసుంటారు.”

“నాకున్నదే ఒకటి.”

“పెద్దవారు కదా సార్, ఇంట్లో ఎవరినైనా తీసుకురండి. వాళ్లకు ఎక్స్‌ప్లెయిన్ చేస్తాం.”

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తర్వాతదంతా లైబ్రరీ బల్ల దగ్గర, పాత రేడియోల పొట్టల్లో నేర్చుకున్నదే. ఈ పేటల్లో నేను విప్పి బాగుచేయని రేడియో తక్కువ. నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఇంకొకరు కావాలట! కోపంతో బస్సు సంగతి మరిచిపోయి నడుచుకుంటూ అశోక్ నగర్ వెళ్లాను. హాస్టళ్ల సందులో పోటీ పరీక్షల పిల్లల ల్యాప్‌టాప్‌లు బాగుచేసే నడివయసాయన ఒకడున్నాడు. నా యంత్రాన్ని బోర్లించి, దీపం కింద పెట్టి చూశాడు.

“కింది జాలీల ఈ ఎర్ర పోగులేంది సార్? దేనిమీద పెడ్తున్నరు దీన్ని?”

“రేడియో గుడ్డ మీద.”

ఆ రోజుల్లో రేడియో ఉన్న ప్రతి ఇంట్లో దానికో కుట్టుపని గుడ్డ ఉండేది. మా ఆవిడ ఎర్రముక్కు చిలకలు కుట్టింది. రేడియో అటకెక్కాక అది టీవీ మీదికి వచ్చింది, టీవీ గోడకెక్కాక ల్యాప్‌టాప్ కిందికి చేరింది. విలువైన సామానును ఉత్త బల్ల మీద పెట్టడం మా ఇంట్లో లేదు.

ఆయన నవ్వాడు. “గాలి గుంజేదే కిందికెల్లి సార్. ముక్కు మూసి ఉరకమంటే ఎట్ల ఉరుకుతది?”

“సరే, గుడ్డ తీసేస్తాను. ఆ వరస ఏమైంది మరి?”

“యాడికి పోలే. లోపల్నే ఉంది, కనబడకుండ జేసిన్రు. తియ్యొచ్చు గానీ నేనైతే తియ్య. ఒక్క అంకె అటుఇటైతే బోర్డే పోతది. రేపు మీరు నా కాలర్ పట్టుకుంటరు.”

“నేనే తీసుకుంటాను.”

“మీరా?” అని నన్ను పైనుంచి కిందికి చూశాడు. “హిమ్మతున్నది సార్ మీకు. జర పైలం.”

ఇంటికొచ్చి గుడ్డ తీసేశాను. పోయినా బాధలేని సినిమా పాటల క్యాసెట్ ఒకటి పెట్టి చూశాను. ఇదివరకటికన్నా ఎక్కువసేపు నడిచింది, కానీ ఒక వైపు పూర్తికాకుండానే ఆరిపోయింది. గుడ్డ తప్పు గుడ్డకుంది, వాళ్ల తప్పు వాళ్లకుంది.

పాత రేడియో వెనక అట్ట విప్పితే లోపలివైపు సర్క్యూట్ బొమ్మ అతికించి ఉండేది. ఏ తీగ ఎక్కడికి పోతుందో కొన్నవాడు చూసుకోవచ్చు. కంపెనీ నాకిచ్చిన మర్యాద అది. ఇప్పుడు బొమ్మ లేదు సరికదా, ఉన్న మీటను కూడా గోడలో పెట్టి సున్నం కొట్టారు.

ఆ గోడ తవ్వడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా మోడల్‌వాళ్లు ఇంటర్నెట్‌లో రాసుకున్నవి చదివాను. విండోస్ కంటే ముందే లేచే చిన్న ప్రోగ్రాము ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఏ వరస చూపాలో ఏది దాచాలో చెప్పే అంకె ఒకటి లోపల ఉంటుంది. దాన్ని మార్చేముందు కాగితం మీద రాసుకుని మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాను. బోర్డు పోతే మిగతా క్యాసెట్లు వినేదెలా? తెర నల్లబడి, తిరిగి వెలిగింది. నీలం తెరలో ఫ్యాను వరస తన పాత చోటులోనే ఉంది. ఎదురుగా ‘ఆఫ్’ అని ఉంది. లేనిదాన్ని ఆఫ్ ఎలా చేశారో!

ఆన్ చేశాను. ఫ్యాను రొద అందుకుంది, కీర్తన చివరిదాకా ఎక్కింది. అయితే మళ్లీమళ్లీ తిప్పిన చోట పూత రాలిపోయి, అనుపల్లవి ఉండాల్సిన చోట బుసబుస తప్ప ఏమీ లేదు. బస్సు చీవాటు కూడా అక్కడే ఉండేది.

కంపెనీకి ఈమెయిలు రాశాను. ఉన్నదాన్ని లేదని ఎందుకు చెప్పారన్నది ఒక్కటే నా ప్రశ్న. మళ్లీ బయటపెట్టిన వరస ఫోటో జతచేశాను. గుడ్డ సంగతీ రాశాను. దాచిపెట్టడం వాళ్ల పద్ధతి, నాది కాదు. గుర్తుచేస్తూ మళ్లీ మళ్లీ రాయగా, చివరికి జవాబు వచ్చింది:

“ప్రియమైన వినియోగదారునికి, మీరు పేర్కొన్న ఆప్షన్ మీ మోడల్‌లో లేదు. పరికరాన్ని గుడ్డపై ఉంచడం వల్లనే వేడెక్కినట్లు మీ ఉత్తరం ద్వారా తెలుసుకున్నాము. దయచేసి గుడ్డను తొలగించండి. మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషిస్తూ ఈ ఫిర్యాదును ముగిస్తున్నాము.”